పిజ్జా మీద పడిన నింద

మా ఇంట్లో పిజ్జా కొంతకాలం ముద్దాయిగా నిలబడింది. ఫిర్యాదు చేసింది మా అత్త. సాక్ష్యం రక్తపరీక్ష. తీర్పు కూడా ఆమే చెప్పేసింది. పిజ్జాను చేసింది నేను కాబట్టి శిక్షలో నాకూ వాటా దక్కింది. ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీలోంచి తప్ప నవ్వు వినబడింది లేదు.

ముందు మనుషుల సంగతి చెప్పాలి. మాది చిత్తూరు. మా ఆయనకు టమాటా మండీ ఉంది. చుట్టుపక్కల రైతులు తెచ్చిన సరుకు వేలం వేయించి, తమిళనాడు లారీలకు ఎక్కించడం ఆయన పని. ఆయన మా మేనత్త కొడుకే. అంటే అత్త నాకు పెళ్ళితో వచ్చిన అత్త కాదు, పుట్టుకతో వచ్చిన అత్త. చిన్నప్పటినుంచీ ఆమెను నేను నువ్వు అనే అంటాను. చిన్నప్పటినుంచీ ఆమె నన్ను తిడుతూనే ఉంది. పొద్దున లేచి ఆమె చేత నాలుగు మాటలు పడకపోతే నాకు కాఫీ తాగినట్టే ఉండదు. మాకు ఒక్కతే కూతురు. తిరుపతిలో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది.

ఆయనకు పిజ్జా రుచి మరిగించింది ఆ కూతురే. ఆమె అక్కడ కాలేజీలో చేరిన కొత్తలో, చూడ్డానికి వెళ్ళిన నాయన్ని ఒక పిజ్జా అంగడికి తీసుకెళ్ళింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతికి మండీలో అంటిన టమాటా మరక. ఆ ఏసీ గదిలో అందరూ ఆయన్నే చూశారట. ఆయన మాత్రం ముక్క చేతిలోకి తీసుకుని, ముందు ఎర్రగా ఉన్న సాస్‌ను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, "ఇది మన నాటు టమాటా కాదు పాపా, పులుపు సాలదు" అని తేల్చాడట. ఆ తర్వాత మొత్తం తినేశాడు. అప్పటినుంచీ తిరుపతికి ఏ పని మీద వెళ్ళినా, కొండకు పోయినా, పెళ్ళికి పోయినా, చివరికి చావుపలకరింపుకు పోయినా, తిరిగొచ్చేటప్పుడు పిజ్జా తినందే ఆయన బస్సెక్కడు. లడ్డు ఇంటికి తెచ్చేవాడు, పిజ్జా మాత్రం కడుపులో పెట్టుకొని వచ్చేవాడు.

ఆమధ్య ఆయన కాళ్ళు వాయడం మొదలైంది. షుగరూ బీపీ ఎప్పటినుంచో ఉన్నవే. మండీలో నిలబడి నిలబడి వాచాయనుకున్నాం. ముఖం కూడా వాచాక తిరుపతిలో కిడ్నీ డాక్టరు దగ్గరికి పోయాం. కిడ్నీలు రెండూ బాగా నీరసించాయని ఆయన చెప్పాడు. "పోయిందాన్ని తిరిగి తేలేం. ఉన్నదాన్ని కాపాడుకుంటే డయాలసిస్ లేకుండా చాలాకాలం నెట్టుకురావచ్చు. తిండి దగ్గర జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు. ఆ ఒక్క మాటను పట్టుకొని మేం బతకడం మొదలుపెట్టాం. డయాలసిస్ లేకుండా నెట్టుకురావాలి. ఇంక మా ఇంట్లో వేరే కోరిక లేదు.

తిండి సంగతి చెప్పడానికి ఆ ఆసుపత్రిలోనే ఒక డైటీషియన్ ఉంది. మా అమ్మాయి కంటే కొంచెం పెద్దది ఉంటుందేమో, ఓపిక గల మనిషి. ఉప్పు తగ్గించాలి, ఊరగాయ వద్దు, అప్పడం వద్దు అన్నప్పుడు తలూపాను. అరటిపండు వద్దు, టెంకాయ నీళ్ళు వద్దు అన్నప్పుడూ ఊపాను. తర్వాత టమాటా వద్దంది. నేను మా ఆయన ముఖం చూశాను. టమాటా వాసనకు నిద్రలేచి, టమాటా అమ్మి ఇల్లు కట్టి, టమాటా పప్పుతో కూతుర్ని పెంచిన మనిషి. రాగిసంగటి వద్దు, చెనిక్కాయల చట్నీ వద్దు అన్నాక నాకు కోపం వచ్చింది.

"మరి ఏం తినమంటారమ్మా?" అన్నాను.

"తెల్లన్నం తినొచ్చు. మైదా కూడా కొంచెం ఫరవాలేదు" అంది ఆమె.

ఇన్నేళ్ళు టీవీలో వచ్చే ప్రతివాడూ తెల్లన్నం మానండి, మైదా విషం, సంగటి తినండి అని మా చెవులు హోరెత్తించారు. అన్నీ మానుకుని సంగటికి అలవాటు పడితే, ఇప్పుడు ఈవిడ తిరగేసి చెబుతోంది. కిడ్నీ బాగా లేనివాళ్ళకు లెక్క వేరని, ఒంట్లో పొటాషియం అనేది ఎక్కువైతే బయటికి పంపే శక్తి వాళ్ళ కిడ్నీలకు ఉండదని, అది రక్తంలో పేరుకుంటే గుండెకే ముప్పు అని ఆమె నెమ్మదిగా చెప్పింది. కూరగాయల్లో కూడా పొటాషియం ఉంటుందట. అందుకని చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వంచేసి, అప్పుడు తాలింపు వేసుకోవాలంది. పొటాషియం చాలావరకు ఆ నీళ్ళలోకి దిగిపోతుందట. మధ్యాహ్నం పల్చటి మిరియాల చారు చిన్న గ్లాసుడు తాగొచ్చని కూడా చెప్పింది. ఇంటికి వచ్చేదాకా నేను ఆ చారును తలుచుకొనే ధైర్యం తెచ్చుకున్నాను. ఎందుకంటే మా ఇంట్లో చారు అత్తది, అదుంటే ఇంకేం లేకపోయినా ఆయనకు ముద్ద దిగుతుంది. ఆ గిన్నె జోలికి నేను పెళ్ళయిన నాటినుంచీ పోలేదు.

మర్నాడు బీరకాయలు ఉడికించి నీళ్ళు సింకులో వంచుతుంటే అత్త వెనకనుంచి వచ్చి చూసింది.

"ఏమ్మే, ఏం సేస్తా ఉండావు? సత్తువంతా ఆ నీళ్ళలోనే గదా ఉండేది! దాన్ని తూములో పోసి, పిప్పి నా కొడుక్కు పెడతా ఉండావా?"

"ఆ సత్తువే బావకు పడదంట అత్తా."

"సత్తువ పడకపోయేది యాడన్నా ఉండాదా? ఏ సదువుకున్నోళ్ళు సెప్పినారు నీకు?"

ఆమెనూ అనడానికి లేదు. మావైపు ఉడికించిన నీళ్ళు పారబోసే ఇల్లాలిని తిరుగుబోతు కంటే హీనంగా చూస్తారు. పప్పు ఉడికించి వంచిన నీళ్ళను కట్టు అంటాం. దానితో చారు. ఓళిగలకు శనగపప్పు ఉడికిస్తే ఆ నీళ్ళతో చారు. ఉలవలు ఉడికిస్తే ఉలవల చారు, ఆకుకూర ఉడికించినా చారే. ఓళిగల కంటే ఆ చారు కోసమే పండగకు ఎదురుచూసే వాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు. అట్లాంటి ఇంట్లో నేను గిన్నెలకు గిన్నెలు వంచేస్తుంటే అత్తకు ఒళ్ళు మండదా?

రెండు మూడు రోజులు గొడవ పడింది. తర్వాత ఉన్నట్టుండి ఊరుకుంది. అప్పటికి మండీకి పొద్దున పూట నేనే పోతున్నాను, ఆయన్ను ఎక్కువసేపు నిలబడొద్దన్నారని. అందుకని తెల్లారే కూరలు ఉడికించి, చిల్లుల గిన్నెలో వేసి, కింద ఇంకో గిన్నె పెట్టి, నీళ్ళు కారేదాకా వదిలేసి స్నానానికి పోయేదాన్ని. వచ్చేసరికి ముక్కలు ఒకపక్క, కింది గిన్నె శుభ్రంగా కడిగి బోర్లించి ఒకపక్క ఉండేవి. అత్త మనసు మారిందనుకున్నాను. నోటితో ఒప్పుకోదు గానీ చేత్తో సాయం చేస్తోందని మురిసిపోయాను కూడా.

మా ఆయన దేనికీ పేచీ పెట్టలేదు. టమాటా లేని పప్పు తిన్నాడు, ఉప్పు లేని కూర తిన్నాడు. అమ్మ పోసిన చారు మాత్రం ఊదుకుంటూ తాగి, "ఇదొక్కటే రుచిగా ఉండాదమ్మా" అనేవాడు. అత్త ముఖం వెలిగిపోయేది. కానీ తిరుపతిలో ఆటో ఆ పిజ్జా అంగడి ముందునుంచి పోతున్నప్పుడల్లా ఆయన అటువైపు తల తిప్పేవాడు. అడిగేవాడు కాదు, తల తిప్పేవాడు, అంతే. అడిగి ఉంటే కసురుకునేదాన్ని. అడక్కపోయేసరికి ఆటోను తొందరగా పోనిమ్మనేదాన్ని.

ఒకసారి సిగ్గు విడిచి డైటీషియన్‌ను నేనే అడిగాను. ఆమె నవ్వి, అంగడి పిజ్జా వద్దు, ఇంట్లో చేసుకోండి అంది. పిండిలో ఉప్పు వేయొద్దు, టమాటా సాస్ బదులు ఎర్ర క్యాప్సికం ఉడికించి రుబ్బుకోండి, పైన ఉల్లిపాయ, క్యాబేజీ, చీజ్ తురుము పల్చగా. రెండు ముక్కలు, ఎప్పుడో ఒకసారి. వింటున్న మా ఆయన మొహం చూడాలి. ఎవరో బాకీ తెచ్చి చేతిలో పెట్టినట్టు వెలిగింది.

ఆ ఆదివారం కూతురు వచ్చింది. ఇద్దరం కలిసి పిండి కలిపి పొంగబెట్టాం. ఎర్ర క్యాప్సికం ఉడికించి, నీళ్ళు వంచి, తోలు తీసి, తెల్లగడ్డా మిరియాలూ వేసి రుబ్బాం. మాకు ఓవెన్ లేదు. దోసెల పెనం మీదే పెట్టి, పైన పెద్ద మూత బోర్లించాం. మొదటిది అడుగు మాడి అప్పడం అయింది. రెండోది కుదిరింది. మా ఆయన ఒక ముక్క తీసుకుని, అలవాటు ప్రకారం ముందు సాస్ నాకి చూశాడు.

"ఇది బాగుండాదే! ఏ ఊరి టమాటా?"

కూతురు పడీపడీ నవ్వింది. "టమాటా యాడుండాది నాయనా? అది క్యాప్సికం!"

"ఇన్నేండ్లు మండీలో కూర్సోని, మిరపకాయ జాతిని పట్టుకోని టమాటా అన్నానే. బయట సెప్పబాకండి" అన్నాడాయన. రెండు ముక్కలూ అంచులతో సహా తినేశాడు. అత్త గడప దగ్గర నిలబడి, "ఆ జిగట జిగటగా సాగేదాన్ని ఎట్ల మింగతారప్పా" అని, కొడుకు చేతికి చారు గ్లాసు ఇచ్చి పోయింది.

తర్వాతి వారమే రక్తపరీక్ష. పొటాషియం బాగా ఎక్కువగా ఉంది. డాక్టరు మొహంలో ఎప్పుడూ ఉండే నెమ్మది లేదు. నీళ్ళలో కలుపుకుని తాగే పొడి ఏదో రాసిచ్చాడు. "ఈమధ్య కొత్తగా ఏమైనా తిన్నారా?" అని అడిగాడు. మా ఆయన బడిపిల్లాడిలాగా, "ఇంట్లో పిజ్జా చేసుకున్నాం సార్" అన్నాడు.

"పిజ్జానా?" అన్నాడు డాక్టరు. పిజ్జా గురించి అంతకు మించి ఒక్క మాట అనలేదు. కానీ ఆ ఒక్క మాటా మేం చిత్తూరు చేరేలోపే మా ఆయన ఫోన్లోంచి అత్తకు చేరిపోయింది. ఇంకో మాట కూడా డాక్టరు అన్నాడు. అది నేను ఎవరికీ చెప్పలేదు. ఇట్లాగే ఉంటే చేతికి చిన్న ఆపరేషన్ చేసి, డయాలసిస్‌కు రక్తనాళం సిద్ధం చేసి పెట్టుకోవడం మంచిదన్నాడు. దారంతా నేను ఆయన ఎడమచెయ్యి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి దోసెల పెనం అటక ఎక్కి ఉంది. ఫ్రిజ్‌లో చీజ్ లేదు. అత్త ఎదురింటికీ, పక్కింటికీ, పాలు పోసే ఆమెకూ ఒకటే కథ చెప్పింది. "తల్లీ బిడ్డా సేరి ఆ బంకపిండి తినిపించి నా కొడుకును ఈ గతికి తెచ్చినారు." కూతురు ఫోన్లో, "నా వల్లే గదమ్మా" అని ఏడ్చింది. నాకు అత్త మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు ఆమె కాఫీలో చక్కెర వేయలేదు. నా శక్తికి అంతే చేయగలిగాను.

ఆ తర్వాత మేం పాటించిన నిష్ఠ ఏ దీక్షలోనూ చూడలేదు. పిజ్జా మాట దేవుడెరుగు, బిస్కత్తు కూడా ఇంట్లోకి రానివ్వలేదు. కూరలు రెండుసార్లు ఉడికించి వంచాను. కొడుకు చిక్కిపోతున్నాడని అత్త పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం ఒక గ్లాసు చారు పోయసాగింది. చారే కదా, పల్చగా ఉండేదే కదా అని నేను ఊరుకున్నాను.

మళ్ళీ పరీక్ష చిత్తూరులోనే చేయించాం. పోయినసారి కంటే ఎక్కువ వచ్చింది. ఇంక తప్పు తిండిది కాదు, కిడ్నీలే పడిపోయాయి అనుకున్నాను. మా ఆయన ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్త మాత్రం నన్ను నిలదీసింది.

"దొంగతనంగా మళ్ళా పెట్టినావా ఆ పిజ్జా?"

"లేదత్తా."

"అయితే కాణిపాకంలో ప్రమాణం సెయ్యి."

మావైపు ఆ మాట అన్నారంటే వెనక్కి తగ్గడానికి ఉండదు. అప్పు ఎగ్గొట్టినవాడూ, మాట తప్పినవాడూ కాణిపాకం వినాయకుడి పేరు చెబితేనే నీళ్ళు నములుతారు. అక్కడ అబద్ధం చెప్పి బాగుపడినవాడు లేడని మా నమ్మకం. మర్నాడు బాడుగ కారులో తిరుపతి బయల్దేరాం. అత్త కూడా ఎక్కింది. దారి మళ్ళించి కాణిపాకంలో ఆపించింది. "అమ్మా, ఏంది ఇది, ఇంట్లో మనుషుల మధ్య" అని మా ఆయన గొణిగాడు. నేను ఆగలేదు. అంత కోపంలో దేవుడి ముందు ఎప్పుడూ నిలబడలేదు.

"వద్దన్న తిండి తెలిసి ఒక్క ముక్క నా సేత్తో పెట్టలేదు స్వామీ" అన్నాను. అని, అత్తవైపు తిరిగాను. "ఇప్పుడు నువ్వు సెయ్యి."

ఆమె ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. చేతులు జోడించి, "నా బిడ్డకు సెరుపు సేసేది ఏదీ నా సేత్తో పెట్టలేదు స్వామీ" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా వచ్చి కారెక్కాం.

డాక్టరు చూసి నిట్టూర్చాడు. ఆపరేషన్‌కు రోజు చూద్దాం, ముందు ఒకసారి డైటీషియన్‌తో మాట్లాడి రండి అన్నాడు. ఆమె గదిలో నలుగురం కూర్చున్నాం. "పొద్దున లేచినప్పటినుంచీ పడుకునేదాకా ఆయన నోట్లోకి పోయేదంతా చెప్పండమ్మా, దేన్నీ వదలొద్దు" అంది. ఇడ్లీ నుంచి మందుల దాకా చెప్పుకొచ్చాను. అన్నిటికీ తలూపింది. "తర్వాత చారు. పల్చగా, మిరియాలదే. అది మా అత్త పెడుతుంది" అన్నాను.

"దేంతో పెడతారు అవ్వా?" అని ఆమె అత్తవైపు చూసింది.

తనను ఒకరు అడిగారని అత్త సర్దుకుని కూర్చుంది. "వట్టి నీళ్ళతో సారు యాడన్నా పెడతారా తల్లీ? ఈమె కూరలు ఉడకేసి, సారమంతా గిన్నెలోకి దించేసి, పారబోసేదానికి పెట్టేసి పోతాది. నేను ఊరుకుంటానా? ఆ నీళ్ళతోనే పెడతా ఉండా. పప్పుకట్టు ఉంటే అదీ కలుపుతా. పిల్లోడు ఏమీ తినకపోయె. ఈ సారన్నా లోపలికి పోతే సత్తువ ఉంటాదని, దినానికి రెండు గలాసులు పోస్తా ఉండా."

డైటీషియన్ కలం కింద పెట్టేసింది. నాకు ఆ గిన్నె కళ్ళ ముందు కనిపించింది. రోజూ కడిగి బోర్లించిన గిన్నె. నేను రెండుసార్లు ఉడికించి తీసిన పొటాషియమంతా చుక్క పోకుండా, మిరియాలూ జీలకర్రా వేసి, తాలింపు పెట్టి, కొత్తిమీర చల్లి, వేడివేడిగా మా ఆయన కడుపులోకే చేరిందన్నమాట.

మొదట నాకు కలిగింది సంతోషం. దాచుకోవడం ఎందుకు, ఎగిరి గంతెయ్యాలనిపించింది. పిజ్జా నిర్దోషి! నేను నిర్దోషిని! ఎదురింటికీ పక్కింటికీ పాలు పోసే ఆమెకూ ఎట్లా చెప్పాలో మాటలు కూడా వెతుక్కున్నాను. తర్వాత అసలు సంగతి తట్టింది. తప్పు చారుదైతే, కిడ్నీలది కాదు. ఇంక కూర్చోలేక లేచి నిలబడ్డాను.

ఆ అమ్మాయి అత్త పక్కకు కుర్చీ జరుపుకుని, ఆ నీళ్ళలో ఏముందో మెల్లగా చెప్పింది. "తప్పు నాది కూడా అవ్వా. నీళ్ళు వంచమన్నాను గానీ, వంచిన నీళ్ళు ఏం చేస్తారని అడగలేదు. మన ఇళ్ళల్లో ఆ నీళ్ళు పారబోయరని నాకు తెలియాలి కదా. మా అమ్మమ్మ కూడా ఇంతే" అంది. ఆమె వెళ్ళి డాక్టరుకు చెబితే ఆయన బయటికి వినబడేటట్టు నవ్వాడు. లోపలికి పిలిచి, ఇది మంచి వార్తే అన్నాడు. ఆ చారు ఆపి మళ్ళీ పరీక్ష చేద్దాం, ఆపరేషన్ మాట అప్పుడు అన్నాడు.

అందరం నవ్వుతున్నాం. అత్త ఒక్కతే నవ్వలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేను ప్రమాణం సేసినానే" అంది. ఆ ఒక్క మాటే, రెండుసార్లు.

కారు చంద్రగిరి దాటింది. కాణిపాకం మలుపు వస్తోందనగా అత్త డ్రైవర్‌తో, "అబ్బా, బండి ఆపు. స్వామి కాడ తప్పు ఒప్పుకోవాల" అంది. మా ఆయన వెనక్కి తిరిగాడు.

"అమ్మా, నన్ను సంపాలని పోసినావా ఆ సారు?"

"శివశివా! ఏం మాటలురా అవి!"

"ఆ సంగతి నాకే తెలిస్తే స్వామికి తెలీదా? పోనీ అప్పా బండి."

డ్రైవర్ ఎవరి మాట వినాలో తెలియక నావైపు చూశాడు. పొద్దున్నుంచీ ఆమెను అనాలని దాచిపెట్టుకున్న మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. అప్పుడు ఒక్కటీ రాలేదు. "గిన్నె పెట్టేసి పోయింది నేనే గదత్తా. ఆపితే ఇద్దరం దిగాల" అన్నాను. ఆమె కిటికీవైపు తిరిగింది. బండి ఆగలేదు.

ఆ రోజునుంచి అత్త వంటింట్లోకి రావడం మానేసింది. చారు లేదు. నేను పెట్టబోతే మా ఆయనే వద్దన్నాడు, అమ్మ బాధపడుతుందని. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఏం వండావని అడగదు, ఎందుకు ఆలస్యమైందని అడగదు. నన్ను ఒక్క మాట తిట్టదు. అటకమీది పెనం దించినా చూసీ చూడనట్టు ఉండిపోయింది. గెలిచినదాన్ని కదా, నాకు హాయిగా ఉండాలి. లేదు. ఇల్లు బావురుమనిపించింది. కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసి ఇచ్చాను. అదీ మాట్లాడకుండా తాగేసింది.

పరీక్ష చేయించిన రోజు నేను మండీలో ఉన్నాను. వేలం జోరుగా నడుస్తోంది. ఫోన్ మోగింది. "ఏమ్మే, దిగింది" అన్నాడు ఆయన. "ఎంత?" అని అరిచాను. చెప్పాడు. ఉండాల్సిన చోటికి వచ్చేసింది. చుట్టూ ధరలు అరుస్తుంటే, టమాటా క్రేట్ల మధ్య కూర్చుని బోరున ఏడ్చాను. ఎవరో పోయారనుకుని వేలం ఆపేశారు. "ఎవరూ పోలేదు, పోరు కూడా, మీరు పాడండి" అని చెప్పాను. డాక్టరు కూడా ఆపరేషన్ ఇప్పుడు అక్కర్లేదన్నాడు. పిజ్జా ఎప్పుడైనా రెండు ముక్కలు తినొచ్చని, చారు మంచినీళ్ళతో పెడితే భేషుగ్గా తాగొచ్చని డైటీషియన్ చెప్పింది.

ఆదివారం కూతురు వచ్చింది. పిండి పొంగింది. క్యాప్సికం ఉడికింది. నీళ్ళు వంచి గిన్నె పక్కన పెట్టి, వరండాలోకి పోయాను.

"అత్తా, వచ్చి సారు పెట్టు."

"నాకెందుకమ్మే ఇంక ఆ పని."

"పిజ్జా వట్టిగా గొంతు దిగదంట నీ కొడుక్కు. నేను పెడితే తాగడు."

చాలాసేపటికి లేచి వచ్చింది. పొయ్యి పక్కన పొగలు కక్కుతున్న ఆ నీళ్ళ గిన్నెను చూసింది. రెండు చేతులా ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. కరివేపాకు చెట్టు ముందు నిలబడి, చల్లారేదాకా ఉండి, చెట్టు మొదట్లో పోసి, గిన్నె కొళాయి కింద తోమి తోమి కడిగింది. తర్వాత చారు గిన్నె తీసుకొని నా దగ్గరికి వచ్చింది. నా పెళ్ళయిన నాటినుంచీ నన్ను తాకనివ్వని గిన్నె. దాన్ని నా ముందుకు చాచింది.

"నీళ్ళు నువ్వే పొయ్యమ్మే" అంది.

మంచినీళ్ళ బిందెలోంచి ముంచి పోశాను. ఆమె అవి తేటగా ఉన్నాయా లేదా అని వెలుతురులో పెట్టి చూసుకుని పొయ్యి మీద పెట్టింది. చింతపండు పేరుకు మాత్రం, మిరియాలు, జీలకర్ర, తాలింపు.

మా ఆయన ఒక చేతిలో పిజ్జా ముక్క, ఇంకో చేతిలో చారు గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ముక్క అంచును చారులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. "అయ్యో నాయనా, ఏంది నువ్వు!" అని కూతురు తల పట్టుకుంది. ఆయన నమిలి, గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగాడు.

"పల్చగా ఉండాదమ్మా" అన్నాడు.

"పల్చగానే ఉండనీ నాయనా" అంది అత్త. "నువ్వుంటే సాలు."

ఆయన మళ్ళీ ముంచుకున్నాడు. అత్త కాసేపు చూస్తూ కూర్చుని, నావైపు చెయ్యి చాచింది. చిన్న ముక్క పెట్టాను. అనుమానంగా కొరికింది, చీజ్ సాగితే వేలితో తెంపుకుంది, నమిలింది. మొహం చిట్లించింది.

"ఉప్పుందా దీంట్లో? ఇంత వయసొచ్చె, ఒక రొట్టె సరిగా సేసేది తెలీదా నీకు? మీ అమ్మ ఏం నేర్పించిందో ఏమో."

చాలా రోజుల తర్వాత తిట్టింది. నేను ఇంకో ముక్క తెచ్చి ఆమె పళ్ళెంలో వేశాను.